అయిదో గొట్టం

ఆ మంగళవారం ఉదయం ఎనిమిది గంటలకు అయిదో గొట్టం నీళ్లు చల్లగా ఉన్నాయి. నాకు ప్రాణం లేచివచ్చింది. ముందురోజు సాయంత్రం దాకా ఆ నీళ్లలో చెయ్యి పెట్టలేకపోయాను. రాత్రి షిఫ్టులో ఎవరో పుణ్యాత్ముడు బాగుచేశాడనుకున్నాను. రిజిస్టరులో అయిదో గడిలో నలభై ఆరు అని రాసి, కింద మాణిక్యం అని సంతకం చేశాను. ఆ సంతకం తలుచుకుంటే ఇప్పటికీ నా చెయ్యి మీద నాకే అసహ్యం వేస్తుంది.

మాది ఘాజియాబాద్‌లో ఇనుప కడ్డీలు తీసే రోలింగు మిల్లు. మిల్లు మధ్యలో భట్టీ, అంటే పెద్ద కొలిమి ఉంటుంది. రెండు లారీలు వరసగా నిలబెట్టినంత పొడవు. ఒక చివర నుంచి చల్లటి ఇనుప దుంగల్ని యంత్రం లోపలికి తోస్తుంది. రెండో చివర తలుపులోంచి అవే దుంగలు పండిన మిరపపండు రంగులో బయటికొచ్చి రోలర్ల కిందికి పోతాయి. ఈ మధ్యలో అవి పట్టాల మీద జారుకుంటూ నడుస్తాయి. ఇనుమునే మెత్తబెట్టే మంటలో ఇనుప పట్టాలు ఎలా నిలుస్తాయని నేను పెళ్లయిన కొత్తలో మా ఆయన్ని అడిగాను. ప్రతి పట్టా కిందా లావుపాటి గొట్టం ఉంటుందనీ, దాంట్లో ఇరవైనాలుగు గంటలూ నీళ్లు పారుతూ ఉంటాయనీ, ఆ నీళ్లే పట్టాని మోస్తున్నాయనీ చెప్పాడు. గొట్టం చుట్టూ మట్టిలాంటి పూత దట్టంగా మెత్తుతారు. నీళ్లు పారినంతసేపే అది గొట్టం. పారకపోతే మైనం. పారాల్సిన నీళ్లు లోపలే మరిగితే బాంబు.

అలాంటి గొట్టాలు మా భట్టీకి ఎనిమిది. మంటలోంచి తిరిగి వచ్చిన నీళ్లు గోడ బయట వంపు తిరిగిన మూతుల్లోంచి అందరికీ కనబడేలా ఒక తొట్టిలోకి పడతాయి. కళ్లతో చూడాలని, చేత్తో తాకాలని అలా వదిలారు. ఆ తొట్టి దగ్గరే నా ఉద్యోగం. గంటకోసారి ఒక్కొక్క మూతి కింద చెయ్యి పెట్టి, పక్కన గడియారంలాంటి థర్మామీటరు చూసి, అంకె రాయాలి. ఆడదాన్ని కాబట్టి పగటి షిఫ్టు మాత్రమే.

నాకంటే ముందు ఆ భట్టీ మా ఆయన శ్రీరాములుది. విజయనగరం జిల్లా నుంచి ఇంత దూరం మమ్మల్ని తీసుకొచ్చింది ఆయన చేతిలో పనే. థర్మామీటరు చెడిపోవచ్చు, చర్మం చెడిపోదు అనేవాడు. నీళ్లలో చెయ్యి పెట్టి పది లెక్కపెట్టగలిగితే భట్టీ బాగుంది. అయిదు దగ్గరే చెయ్యి వెనక్కి వచ్చిందంటే ఇంజినీరుకు చెప్పాలి. మూడు కూడా దాటలేదంటే ఇంకెవరికీ చెప్పక్కర్లేదు, మంట ఆపాలి. మిల్లులో భట్టీ పనివాళ్లందరికీ ఆ లెక్క నేర్పింది ఆయనే.

రెండువేల సంవత్సరం జూన్‌లో మూడో గొట్టానికి చిన్న చిల్లు పడింది. లోపల నీళ్లు కారుతున్నాయని ఆయన పసిగట్టి చెప్పాడు. అప్పటి మేనేజరు భట్టీ ఆపనివ్వలేదు. ఆ గొట్టానికి నీళ్లు తగ్గించు, కారడం తగ్గుతుంది అన్నాడు. ఈయన వాల్వు తిప్పి తగ్గించాడు. కారడం తగ్గింది. మధ్యాహ్నానికి తగ్గిన ఆ కాసిని నీళ్లూ గొట్టంలోనే ఆవిరై, గొట్టం చీల్చుకుని, తలుపు దగ్గర నిలబడిన ఆయన మీదకు నిప్పుతో సహా వచ్చాయి. పదకొండు రోజులు బతికాడు. విచారణ జరిగింది. వాల్వు తిప్పింది శ్రీరాములే అని తేలింది. అబద్ధం కాదు. చెయ్యి ఆయనదే. నోరు ఎవరిదని మాత్రం ఆ గదిలో ఎవరూ అడగలేదు.

తర్వాత రెండు పనులు చేశారు. ఒకటి, ఏ గొట్టం నీళ్లయినా యాభై అయిదు డిగ్రీలు దాటితే భట్టీ చల్లార్చి చూడాలని నియమం రాశారు. తొట్టి పక్కన గోడకు ఎర్ర పిడి బిగించారు. అది లాగితే సైరన్ మోగుతుంది, నూనె పంపు ఆగి మంట ఆరిపోతుంది, అందరూ బయటికి పరుగెత్తాలి. రెండోది, నాకు ఈ ఉద్యోగం ఇచ్చారు. అంకెలు వారంలో నేర్చుకున్నాను. అక్షరాలకు రెండేళ్లు పట్టింది.

ఆరేళ్లలో ఒక్కసారి కూడా ఆ పిడి లాగాల్సిన అవసరం రాలేదు.

సోమవారం మధ్యాహ్నం అయిదో గొట్టం అరవై ఒకటి చూపించింది. నాలుగు లెక్కపెట్టేసరికి చెయ్యి తీసేశాను. వెంటనే నిరంజన్‌కు కబురు పెట్టాను. నిరంజన్ మా ఇంజినీరు. వరంగల్ కుర్రాడు, ముప్పై దాటలేదు, ఇందిరాపురంలో ఫ్లాట్ తీసుకుని ఉంటాడు. మిల్లు మొత్తం మీద నాతో తెలుగు మాట్లాడేది ఆయనొక్కడే. ఊరి నుంచి పచ్చడి వస్తే నాకో సీసా తెచ్చేవాడు. నేను ఒంట్లో బాగాలేక రెండు రోజులు రాకపోతే గదికి వచ్చి పలకరించి వెళ్లాడు. మనవాడు అనుకున్నాను. ఆ మాట వెనక్కి తీసుకోవడానికే ఇదంతా రాస్తున్నానేమో.

ఆయన వచ్చి, థర్మామీటరు చూసి, గడ్డం గోక్కున్నాడు.

"ఠీక్ హై అమ్మా. చూస్తం."

"సూడడం ఏటి బాబూ? యాబై ఐదు దాటిపోనాది. ఆపాల గదా?"

"ఆపుతం. గానీ ఇయ్యాల్నే గాదు. లోపల పూత రాలి ఉంటది. లేకుంటే గొట్టంల సున్నం గట్టి నీళ్లు సక్కగ పోతలేవేమో. నీళ్ల సున్నం తీసే ప్లాంటు ఖరాబైందని నేను మార్చిల్నే చెప్పిన. బోరు నీళ్లే పంపుతున్నరు." గొంతు తగ్గించాడు. "రిజిస్టర్ల యాభై రెండు రాయుండ్రి."

"ఎందుకు రాస్తాను? అరవై ఒకటి సూపిస్తంటే?"

"ఊకెనే అడిగిన. సరే, తియ్యుండ్రి."

నవ్వి వెళ్లిపోయాడు. నేను అరవై ఒకటే రాశాను. సాయంత్రం అయిదింటికి అరవై మూడు. అదీ రాశాను. రాత్రి షిఫ్టు ఇంచార్జికి నోటితో కూడా చెప్పి ఇంటికి వెళ్లాను.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి నలభై ఆరు.

తొమ్మిది గంటల చుట్టులో మళ్లీ అయిదో మూతి కింద చెయ్యి పెట్టాను. పది దాకా లెక్కపెట్టాను. ఇరవై దాకా కూడా పెట్టగలిగేదాన్ని. కానీ చెయ్యి తీసి వేళ్లు ఒకదానికొకటి రుద్దుకుంటే ఏదో తేడా తగిలింది. భట్టీలో తిరిగే నీళ్లకు మందు కలుపుతారు. ఎన్నిసార్లు కడిగినా ఆ జారుడు పోదు, అన్నంలో కూడా వాసన వస్తుంది. ఆరేళ్లుగా నా చేతికి ఆ జారుడు అలవాటు. ఈ నీళ్లకు జారుడు లేదు. ఆరిన వెంటనే వేళ్ల సందుల్లో తెల్లగా పొడి కనబడింది. బోరు నీళ్లు ఆరితేనే అలా ఉంటుంది.

నాలుగో మూతి నీళ్లు చూశాను. జారుడు. ఆరో మూతి. జారుడు. అయిదోది మాత్రం వేరే.

వంగి తొట్టి వెనక్కి చూశాను. గోడకూ తొట్టికీ మధ్య, మట్టి పట్టిన రేకు చాటున, నల్లటి రబ్బరు పైపు ఒకటి పాములా పాకి వచ్చి అయిదో మూతి లోపలికి దూరి ఉంది. ఇనుప తీగతో శుభ్రంగా కట్టారు. దాని రెండో చివర చేతులు కడుక్కునే కుళాయికి ఉంది. అంటే చల్లటి కుళాయి నీళ్లు కలిపి, ఆ కలిపిన నీళ్లను నా చేతి మీదా, థర్మామీటరు మీదా పోస్తున్నారు.

కోపం మొదట వాళ్ల మీద రాలేదు, నా మీదే వచ్చింది. ఎనిమిది గంటలకు నేను ఎంత సంతోషించాను! ఎంత గుండ్రంగా రాశాను ఆ నలభై ఆరు! రాయనన్నదాని చేతే రాయించుకున్నారు. అడిగితే రాయదు కదా అని, నీళ్లతోనే నన్ను అబద్ధం ఆడించారు. మా ఆయన చేతిని వాల్వు మీద పెట్టించినవాళ్లకూ వీళ్లకూ తేడా ఏమిటి? వాళ్లు నోరు విప్పి చెప్పారు. వీళ్లు ఆ పాటి మర్యాద కూడా చూపించలేదు.

తీగ విప్పి రబ్బరు పైపు లాగి పారేశాను.

అసలు నీళ్లు వచ్చాయి. ధార కాదు. ఒక గుక్క వచ్చింది, ఆగింది, బుస్సుమంది, మళ్లీ ఒక గుక్క. పసిబిడ్డ పాలు కక్కినట్టు కక్కుతోంది. మధ్యమధ్య తెల్లగా ఆవిరి. చెయ్యి పెట్టాను. ఒకటి, రెండు. అంతే. అరచెయ్యి ఎర్రగా కమిలిపోయింది. థర్మామీటరు ముల్లు ఎనభై దగ్గర వణుకుతోంది.

గుక్కలు గుక్కలుగా వస్తే నీళ్లు లోపలే మరుగుతున్నాయని అర్థం. మా ఆయన ఆసుపత్రిలో ఆఖరి రోజుల్లో అదే చెప్పాడు. మూడోది ఆ పొద్దు కక్కింది, మాణిక్యం, నేను చూశాను అని.

నిరంజన్ అప్పుడే మెట్లు దిగి వస్తున్నాడు. కింద పడిన రబ్బరు పైపు చూశాడు. మొహంలో రంగు పోయింది గానీ ఆశ్చర్యం లేదు. అక్కడే నాకు తెలిసిపోయింది.

"ఇది ఎవులు ఎట్టినారు?" అని అడిగాను.

"అమ్మా, ముందు నా మాట వినుండ్రి."

"ఎవులు ఎట్టినారు బాబూ?"

"నేనే పెట్టించిన. ఏం జెయ్యమంటరు? మేనేజర్ త్యాగీ సాబ్ పొద్దుగాల్ల ఏడింటికే ఫోన్ చేసిండు. గురువారం దాకా భట్టీ నడవాలె. ఆపితే ఆర్డర్ పోతది. ఇంకా రెండే రెండు దినాలు. శుక్రవారం షట్‌డౌన్. నా మీద ఒట్టు, శుక్రవారం పొద్దున నేనే ఆపిస్త."

"ఇది శుక్రారం దాకా ఆగుతాదా? సూడు. కక్కతంది."

ఆయన చూశాడు. చెయ్యి మాత్రం పెట్టలేదు. ఇంజినీరింగు చదివినవాడు, ఆ గొట్టం లోపల ఏం జరుగుతోందో నాకంటే బాగా తెలిసినవాడు, కళ్లు పక్కకు తిప్పుకున్నాడు.

"మీకు దండం పెడత. మనోళ్లం. ఒకరికొకరు కాకపోతే ఎట్ల ఈ ఊర్ల? మీరిట్ల లొల్లి చేస్తే మొదలు పోయేది నా నౌకరీ. మొన్ననే ఫ్లాట్ తీసుకున్న. కిరణ్మయికి ఏడో నెల. మీకు తెల్వదా?"

"తెలుసు. నీ పెళ్లాం బిడ్డలు సల్లగుండాల. ఆ తలుపు కాడ నిలబడ్డాడే బైజ్‌నాథ్, ఆడికి పెళ్లాం లేదా?"

"ఏం కాదమ్మా. నేను లెక్క వేసిన. శ్రీరాములన్న ఉంటే అర్థం చేసుకుంటుండె..."

ఆ తర్వాత మాట నేను చెప్పనివ్వలేదు. ఆయన పేరు ఆ నోట రావడమే నాకు చాలు.

"ఆయన అర్తం సేసుకునే సచ్చిపోనాడు! నువ్వు నాకు తెలుగులో సెప్పకు. త్యాగీ సెప్తే నాను ఇననని, నీ సేత సెప్పిస్తన్నాడు. తెలుగంటే ఇదేనేటి నీకు? పచ్చడి సీసాలిచ్చి పీకలు కొయ్యడమా?"

చుట్టూ హోరులో మా మాటలు ఎవరికీ వినపడవు, వినపడినా అర్థం కావు. నిరంజన్‌కు అదే ధైర్యం. ఆయన వంగి రబ్బరు పైపు తీసుకున్నాడు. దాన్ని మళ్లీ అయిదో మూతిలోకి దోపి, తీగ చుట్టాడు. ముల్లు నెమ్మదిగా దిగింది. అరవై. యాభై. నలభై ఏడు.

"చూడుండ్రి. ఇప్పుడు బాగుంది," అన్నాడు.

ఇప్పుడు బాగుంది! జ్వరం వచ్చినవాడి నోట్లో ఐసుముక్క పెట్టి థర్మామీటరు చూసే వైద్యం అది.

నేను తలుపు దగ్గరికి నడిచాను. బైజ్‌నాథ్ తూర్పు యూపీలో బలియా వాడు. పొడవాటి ఇనుప గునపంతో, తలుపులోంచి ఎర్రటి దుంగల్ని ఒక్కొక్కటే ఒడుపుగా రోలర్ల వైపు మళ్లిస్తుంటాడు. మొహానికి తడి గంచా గుడ్డ చుట్టుకుంటే కళ్లు మాత్రమే కనబడతాయి. ఆయన నిలబడే చోటికి సరిగ్గా ఎదురుగా, పది అడుగుల లోపల, అయిదో గొట్టం ఉంటుంది. హిందీలో విషయం చెప్పాను.

"అమ్మాజీ, మీరు ఊరికే కంగారుపడుతున్నారు," అన్నాడు గంచా కిందికి లాగి. "ఈ భట్టీ నా రెండో పెళ్లాం. గొణక్కుండా ఏ రోజు ఉంది?"

పక్కనున్నవాళ్లు నవ్వారు.

"మొదటి పెళ్లాం ముండ మోస్తుందిరా, విను! నీళ్లు మరుగుతున్నాయి లోపల. చెయ్యి పెట్టి చూశాను."

"ఎక్కడ మరుగుతున్నాయి? పొద్దున నేను రిజిస్టరు చూసే తలుపు దగ్గరికి వచ్చాను. నలభై ఆరు. మీరే రాశారు కదా. మీ సంతకం చూడందే నేను గునపం పట్టను, తెలుసా మీకు? నిన్న అరవై మూడు చూసి ఇంట్లో అన్నం సహించలేదు. ఇవాళ నలభై ఆరు చూసి హాయిగా వచ్చాను."

ఆ మాటతో నా ఒళ్లంతా మంటెక్కింది. నా సంతకం చూసి వచ్చాడట. నన్ను నమ్మి, ఆ తలుపు ముందు నిలబడ్డాడు. వాడు చస్తే విచారణలో ఆ కాగితమే తీస్తారు. నీళ్లు చల్లగా ఉన్నాయని రాసింది మాణిక్యమే అంటారు. అదీ అబద్ధం కాదు. చెయ్యి నాదే.

 వెనక్కి నడిచాను. నిరంజన్ నా మొహం చూసి తొట్టికి అడ్డంగా రాబోయాడు.

"అమ్మా, వద్దు. ప్లీజ్. అమ్మా!"

ఎర్ర పిడి రెండు చేతులతో పట్టుకుని కిందికి లాగాను. ఆరేళ్లుగా కదలనిది. తుప్పు రాలింది గానీ కదల్లేదు. కాలు గోడకు తన్నిపెట్టి, మా ఆయన్ని కాల్చినవాళ్లందర్నీ తిట్టుకుంటూ మళ్లీ లాగాను.

సైరన్ మోగింది.

మంట హోరు ఒక్కసారి తెగిపోయింది. ఆ నిశ్శబ్దంలోంచి సైరన్ గోల ఇంకా పెద్దగా వినిపించింది. గునపాలు కింద పడ్డ చప్పుడు. పరుగులు. బైజ్‌నాథ్ నా పక్కనుంచే పరుగెడుతూ నా జబ్బ పట్టి లాగాడు. నీటి పంపుల దగ్గరున్నవాడికి, పంపులు మాత్రం ఆపొద్దని అరిచాను. వాడు అర్థం చేసుకుని తలూపాడు. ఒక నిమిషంలో నలభై మంది గేటు దగ్గర ఎండలో నిలబడ్డాం. మే నెల ఎండ. మా ముందు భట్టీ పొగ వదులుతూ నిలబడి ఉంది. ఏమీ కాలేదు.

పేలాల్సింది అని నేను అనుకున్నానంటే పాపం. కానీ ఒక క్షణం అనుకున్నాను. ఎవరూ లేని ఆ షెడ్డులో అది ఒక్కసారి పేలి చూపిస్తే ఎంత బాగుండును!

త్యాగీ జీ వచ్చాడు. మేనేజరు. తెల్ల చొక్కా, చేతిలో ఫోను. నలభై మందినీ దాటుకుని నేరుగా నా దగ్గరికే వచ్చాడు.

"ఎవరు మోగించారు? నువ్వా? ఈ మద్రాసీ ముసలిదానికి పిచ్చెక్కిందా? మళ్లీ భట్టీ రాజేసి వేడెక్కించడానికి ఎంతసేపు పడుతుందో తెలుసా నీకు?"

"తెలుసు సాబ్. అయిదో గొట్టం మరుగుతోంది."

"రిజిస్టరు తీసుకురండి." ఎవరో తెచ్చారు. అందరికీ వినబడేలా చదివాడు. "అయిదు నంబరు, ఉదయం ఎనిమిది, నలభై ఆరు డిగ్రీలు. సంతకం, మాణిక్యం. ఇది ఎవరు రాశారు? నీ అమ్మమ్మా?"

కొందరు కిసుక్కున నవ్వారు. నేను నిరంజన్ వైపు చూశాను. ఆయన బూట్ల వైపు చూసుకుంటున్నాడు. ఒక్క మాట అంటే చాలు. అనలేదు.

"నేనే రాశాను. అది కుళాయి నీళ్ల వేడి. గొట్టం నీళ్లది కాదు. రండి సాబ్, చూపిస్తాను."

"నాకు నువ్వు చూపించేదేమిటి? పదండి అందరూ! భట్టీ వెలిగించండి!"

ఎవరూ కదల్లేదు. భయపడి కాదు, అప్పటికి ఇంకా ఎటూ తేల్చుకోలేక. అప్పుడు బైజ్‌నాథ్ గంచాతో మెడ తుడుచుకుంటూ, "సాబ్, చూడ్డానికేం పోయింది? చూసే వెలిగిద్దాం," అన్నాడు.

తొట్టి దగ్గరికి అందరం వెళ్లాం. నేను రేకు పక్కకు తోసి రబ్బరు పైపు చూపించాను. కుళాయి దాకా వేలితో చూపించాను. తర్వాత తీగ విప్పి లాగేశాను. మంట ఆరి పావుగంట అయినా అయిదో మూతి ఇంకా కక్కుతూనే ఉంది.

"పెట్టండి సాబ్ చెయ్యి," అన్నాను త్యాగీతో. "మీరే పెట్టండి. పది లెక్కపెట్టండి. పెట్టగలిగితే ఇప్పుడే నా ఉద్యోగం తీసేయండి. నేనే కాగితం మీద రాసిచ్చి పోతాను."

ఆయన నన్ను చూశాడు, ఆవిరిని చూశాడు. ఫోను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "ఇది నా పని కాదు. దీనికి థర్మామీటరు ఉంది," అన్నాడు.

"అయితే నా పని," అని బైజ్‌నాథ్ ముందుకొచ్చి చెయ్యి పెట్టాడు. పెద్దగా లెక్కపెట్టాడు. "ఏక్. దో." అక్కడ అమ్మ బూతు తిట్టి చెయ్యి లాక్కున్నాడు. నిప్పు ముందు పదిహేనేళ్లు నిలబడిన చెయ్యి అది. అందరికీ పైకెత్తి చూపించాడు. తర్వాత ఇంకొకడు పెట్టాడు. "ఏక్. దో." ఇంకొకడు. ఎవరూ మూడు దాకా వెళ్లలేదు. ఒకడి తర్వాత ఒకడు, నమ్మకం లేక కాదు, తమ చేత్తో తాము తెలుసుకుందామని. ఇందాక నవ్విన వాళ్లలో ఇప్పుడు ఎవరి మొహంలోనూ నవ్వు లేదు.

బైజ్‌నాథ్ రబ్బరు పైపు తీసి త్యాగీ కాళ్ల దగ్గర పడేశాడు. "మీ పైపు సాబ్. ఈ తలుపు దగ్గర ఇవాళ మీరు నిలబడండి."

భట్టీ చల్లారడానికి నాలుగు రోజులు పట్టింది. లోపలికి వెళ్లిన మిస్త్రీలు అయిదో గొట్టం కోసి బయటికి తెచ్చారు. కింది వైపు పూత ఆరడుగుల మేర రాలిపోయి ఉంది. లోపల తెల్లటి సున్నం రాయిలా గట్టిపడి, మధ్యలో నా చిటికెన వేలు దూరేంత సందు మాత్రం మిగిలింది. ఒక పక్క గొట్టం పొట్టలా ఉబ్బి, ఉబ్బిన చోట రేకు అంత పల్చబడింది. గోటితో కొడితే టిన్ను డబ్బా చప్పుడు వచ్చింది. త్యాగీ దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఇంకో నెల నడిచేది," అన్నాడు.

ఆ మాటకు ఏం జవాబు చెప్పగలను? పేలితే శవాలు సాక్ష్యం. పేలకపోతే ఎవడైనా ఏమైనా అనొచ్చు. మా ఆయన చచ్చిపోయి గొట్టం పేలుతుందని రుజువు చేశాడు, అయినా తప్పు ఆయనదే అయింది. నలభై మంది బతికితే, ఏమీ కాలేదు కదా, ఎందుకు అరిచావు అంటున్నారు. చచ్చినా మనదే తప్పు, బతికినా మనదే తప్పు.

భట్టీ మళ్లీ వెలిగిన రోజున నన్ను తొట్టి దగ్గరికి రానివ్వలేదు. గేటు దగ్గర ఊడ్చే పనిలో వేశారు. తొట్టి దగ్గర కొత్తవాడిని పెట్టారు. వాడు కుర్చీలో కూర్చుని థర్మామీటరు చూసి రాస్తాడు, చెయ్యి తడుపుకోడు. అయితే గంటకోసారి బైజ్‌నాథ్ తలుపు వదిలి వచ్చి, వాడితో మాట్లాడకుండానే, ఎనిమిది మూతుల కిందా చెయ్యి పెట్టి పది పది లెక్కపెట్టి పోతున్నాడట. పని ఆగుతోందని ఒకసారి కేకలేశారట. ఆగనీ అన్నాడట.

వారం తర్వాత నాకు నోటీసు వచ్చింది. అనుమతి లేకుండా సైరన్ మోగించినందుకు, తప్పు అంకె రాసినందుకు, మూడు రోజుల్లో రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలి. నోటీసు తెచ్చింది నిరంజన్. గేటు దగ్గర చీపురు పట్టుకుని నిలబడి ఉన్నాను. 

"రబ్బరు పైపు సంగతి నేను సాబ్‌కు చెప్పిన," అన్నాడు. "అది నా తప్పే అని."

"ఎక్కడ సెప్పినావు?"

"ఆయన రూంల."

"తలుపు ఏసుకునా?"

తల దించుకుని నోటీసు నా ముందుకు చాపాడు. నోటీసు తీసుకుని చదువుకున్నాను. అందులో రబ్బరు పైపు అన్న మాట ఎక్కడా లేదు. ఆయన పేరూ లేదు. నా పేరు మూడుసార్లు ఉంది.

మర్నాడు సంజాయిషీ రాసి తెచ్చి, ఆఫీసు మెట్ల దగ్గర నిరంజన్ చేతికిచ్చాను. హిందీలో, నాకు వచ్చినంతలో. అయిదో గొట్టం మూతిలోకి కుళాయి నీళ్లు పెట్టారని, పెట్టించింది నిరంజన్ సాబ్ అని, గురువారం దాకా భట్టీ ఆపొద్దన్నది త్యాగీ సాబ్ అని రాశాను. ఎనిమిది గంటలకు నేను రాసిన నలభై ఆరు తప్పు అని, ఆ తప్పు నాదేనని రాశాను. తర్వాత నీళ్లు మరుగుతుంటే సైరన్ మోగించానని రాశాను. మళ్లీ మరిగితే మళ్లీ మోగిస్తానని, గేటు దగ్గరున్నా సరే పరుగెత్తుకొచ్చి మోగిస్తానని రాశాను. సంతకం చేసి, తేదీ వేశాను.

నిరంజన్ అక్కడే నిలబడి మొత్తం చదివాడు. తన పేరున్న చోట ఆగాడు. నన్ను ఏమైనా అడుగుతాడేమో అనుకున్నాను. అడగలేదు. కాగితం చివరికి వచ్చి, "ఈ ఆఖరి లైన్లు రెండూ తీసెయ్యుండ్రి అమ్మా," అన్నాడు. "మిగిలింది నేను మాట్లాడుకుంట. ఇవి చూస్తే మాత్రం సాబ్ ఊకోడు. బెదిరిస్తున్నట్టు ఉన్నది."

"బెదిరిస్తన్నట్టు కాదు. బెదిరిస్తన్నాను."

"అమ్మా..."

"తియ్యను. ఎల్లు, ఇచ్చీ."

ఆయన కాగితం మడవబోయి, మడవకుండా అలాగే పట్టుకుని ఆఫీసు మెట్లెక్కాడు. సగం మెట్ల మీద ఒకసారి ఆగాడు. నేను చీపురు కింద పెట్టి, ఆయన తలుపు తోసుకుని లోపలికి వెళ్లేదాకా కళ్లు తిప్పకుండా చూశాను.